ఈ-టైప్ తలుపు ఎందుకు మూసుకోదు? ఒక రబ్బరు బీడింగ్ చరిత్ర

  ఈసారి రాజులూ లేరు, రాజ్యాలూ లేవు. కారు తలుపు చుట్టూ ఒక రబ్బరు పట్టీ ఉంటుంది చూడండి, మన మెకానిక్ షెడ్డుల్లో బీడింగ్ అంటారు, దాని గురించి మాట్లాడుకుందాం. వానాకాలంలో కాళ్ళకింద మ్యాటు తడిసి కంపు కొడితే తప్ప అది ఒకటుందని ఎవరికీ గుర్తు రాదు. దానికీ ఒక చరిత్రా అనిపించొచ్చు. ఉందండీ. అందులో అమెజాన్ అడవి ఉంది, రెండో ప్రపంచ యుద్ధం ఉంది, ఓడెక్కి వెళ్ళిన మన తెలుగు కూలీలు కూడా ఉన్నారు.

ముందు సమస్య చెప్తాను. జాగ్వార్ ఈ-టైప్ అని 1960ల నాటి బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఉంది. పాత కార్ల మీద ప్రేమున్నవాళ్ళు దాన్ని కొని, నట్టూ బోల్టూ విప్పి, తుప్పు పట్టిన రేకులు మార్చి, రంగులేసి, మళ్ళీ బిగించుకుంటారు. ఏళ్ళు పట్టే పని. అన్నీ అయ్యాక, చివర్లో, కేటలాగు చూసి కొత్త బీడింగుల సెట్టు తెప్పించి అతికిస్తారు. తలుపు వేస్తారు. పడదు. గట్టిగా వేస్తే పడుతుంది, కానీ వెనక అంచు బాడీకన్నా అర అంగుళం బయటికి పొడుచుకొచ్చి నిలబడుతుంది. అప్పటిదాకా అద్దంలా కనిపించిన కారు ఒక్కసారిగా ఎవరో గుద్దేసి బాగుచేసిన కారులా కనిపిస్తుంది. ఇది ఎక్కడో ఒకరిద్దరికి ఎదురైన సంగతి కాదు. ఈ కార్లు బాగుచేసేవాళ్ళలో దీన్ని చూడనివాళ్ళు తక్కువ.

తప్పు ఎవరిది? తలుపుదా, రబ్బరుదా? రెండూ కాదు అంటాను నేను. అది తెలియాలంటే కారు దగ్గరికి వెళ్ళాలి.

1961 మార్చి 15. స్విట్జర్లాండ్, జెనీవా. మోటార్ షో మొదలవడానికి ముందురోజు, పార్క్ దె ఓ-వీవ్ అనే తోటలోని రెస్టారెంటులో జాగ్వార్ అధిపతి సర్ విలియం లయన్స్ విలేకరులకి ఈ-టైప్ ని చూపించాడు. చూపించిన కారు 9600 హెచ్.పి. నంబరున్న కూపే. ఇంగ్లండు కోవెంట్రీ నుంచి అది రోడ్డుమీదే, సరిగ్గా టైముకి వచ్చి చేరింది. నడిపి చూస్తామన్నవాళ్ళు ఎగబడ్డారు, ఒక్క కారు చాలలేదు. లయన్స్ కోవెంట్రీకి ఫోను చేయించాడు. కంపెనీ టెస్ట్ డ్రైవరు నార్మన్ డ్యూయిస్ 77 ఆర్.డబ్ల్యూ. నంబరున్న టాపులేని కారు తీసుకుని రాత్రంతా నడిపి పొద్దున్నకి జెనీవాలో ఉన్నాడు. కార్ల చరిత్రలో చాలాసార్లు చెప్పుకునే కథ ఇది.

గంటకి 150 మైళ్ళు పోతుందని ప్రచారం. ధర పన్నులతో కలిపి సుమారు 2,100 పౌండ్లు. అదే కాలంలో ఆస్టన్ మార్టిన్ డీబీ4 ధర దాదాపు రెట్టింపు. అంత చవగ్గా ఎలా ఇచ్చారు? ఇక్కడే మన బీడింగ్ కథ మొదలవుతుంది.

ఆ కారు రూపం గీసింది మాల్కమ్ సేయర్. విమానాల కంపెనీలో పనిచేసి వచ్చిన మనిషి. కారు వంపుల్ని చేతివాటంగా కాకుండా లెక్కలు కట్టి తేల్చేవాడు. కాగితం మీద లెక్కలు చక్కగా ఉన్నాయి. రేకు మీదికి వచ్చేసరికి? లక్షల కార్లు చేసే కంపెనీలైతే పెద్ద పెద్ద ప్రెస్సుల్లో ఒక్క దెబ్బకి ఒక పూర్తి భాగాన్ని వత్తేస్తాయి. ఆ అచ్చులకి బోలెడు డబ్బు. జాగ్వార్ ఈ కారు అన్ని అమ్ముడుపోతుందని అనుకోలేదు. అందుకని చిన్న చిన్న రేకు ముక్కలు చేయించి, వాటిని వెల్డింగ్ చేసి కలిపి, అతుకుల మీద సీసం కరిగించి పూసి, ఆకురాయితో రాసి నునుపు చేయించారు. అంటే మనుషుల పని. చివరికి 1974 వరకూ మొత్తం 72 వేలకు పైగా కార్లు తయారయ్యాయి. అచ్చులమీద మిగుల్చుకున్న డబ్బు ఒక్కో కారుమీదా మనిషి చేతిపనిగా ఖర్చయింది.

చేతిపని అంటే ఏంటి? ఏ రెండూ సరిగ్గా ఒకలా ఉండవు. ఒక కారుకీ ఇంకో కారుకీ తేడా, ఒకే కారులో కుడి తలుపుకీ ఎడమ తలుపుకీ కూడా తేడా. పైన ఒక చోట సందు ఎక్కువ, కింద ఒక చోట తక్కువ. మరి 1961లో షోరూములో కొన్నవాళ్ళకి తలుపులు ఎలా పడ్డాయి? ఆ తేడాని మింగింది రబ్బరు. మెత్తటి, స్పాంజిలాంటి రబ్బరు సందు తక్కువున్న చోట నలిగేది, ఎక్కువున్న చోట ఉబ్బి నిలిచేది. పక్కనే ఫర్‌ఫ్లెక్స్ అని, స్పాంజి మీద గుడ్డ తొడిగిన పట్టీ ఒకటి ఉండేది, లోపలి అంచుకి. ఈ రెండూ కలిసి వానని, గాలిని ఆపడమే కాదు, ఫ్యాక్టరీ పొరపాట్లని కూడా కప్పిపెట్టేవి.

అందుకే నేననేది, ఈ-టైప్ లో బీడింగ్ అనేది చివర్లో తగిలించే అలంకారం కాదు, బాడీలో భాగం.

సరే, ఆ రబ్బరు ఎక్కడిది?

రబ్బరు చెట్టు పుట్టిల్లు అమెజాన్ అడవి. యూరప్ వాళ్ళకి రబ్బరు చాలాకాలం ఒక వింత వస్తువే. 1823లో చార్లెస్ మాకింటోష్ రెండు గుడ్డల మధ్య రబ్బరు పూత పెట్టి వానకోటు గుడ్డ చేశాడు. బాగానే ఉంది, కానీ ఎండాకాలం జిగురు జిగురు, చలికాలం కర్ర. ఆ జబ్బుకి మందు కనిపెట్టింది అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్, 1839లో. రబ్బరులో గంధకం కలిపి వేడి చేస్తే వేసవికి కరగదు, చలికి బిగుసుకోదు, సాగదీసి వదిలితే మళ్ళీ వెనక్కి వస్తుంది. 1844లో ఆయనకి అమెరికాలో పేటెంటు వచ్చింది. ఇంగ్లండులో మాత్రం థామస్ హాన్‌కాక్ అంతకు కొన్ని నెలల ముందే, 1843లో, దరఖాస్తు పెట్టేశాడు. గుడ్‌ఇయర్ 1860లో అప్పుల్లోనే పోయాడు. టైర్ల మీద మనం చూసే గుడ్‌ఇయర్ కంపెనీ 1898లో వేరేవాళ్ళు పెట్టింది, ఆయన పేరు మీద. ఆయన కుటుంబానికీ దానికీ సంబంధం లేదు.

తర్వాత 1876లో హెన్రీ వికమ్ అనే ఇంగ్లీషువాడు బ్రెజిల్ నుంచి దాదాపు 70 వేల విత్తనాలు లండన్ కి, క్యూ తోటలకి పట్టుకొచ్చాడు. మొలకెత్తినవి రెండు వేల పైచిలుకే. ఆ మొక్కలు సిలోనుకీ సింగపూరుకీ వెళ్ళాయి. సింగపూరు తోటలో హెన్రీ రిడ్లీ చెట్టుని చంపకుండా పాలు తీసే పద్ధతి పట్టుకున్నాడు. కార్లు వచ్చాయి, టైర్లు కావాలి, మలయా అంతా రబ్బరు తోటలైపోయింది.

తోటలకి మనుషులు కావాలి కదా. తమిళనాడు నుంచి ఎక్కువమంది వెళ్ళారు, ఆ మాట అందరికీ తెలుసు. మన విశాఖ, గోదావరి జిల్లాల నుంచి కూడా కుటుంబాలకి కుటుంబాలే ఓడెక్కి వెళ్ళాయి. పెరాక్ ప్రాంతంలో రబ్బరు తోటల్లో, కొబ్బరి తోటల్లో పనిచేశారు. తెల్లారక ముందే లేచి, చెట్టు బెరడు మీద సన్నగా గాటుపెట్టి, కింద చిప్ప కట్టి పాలు పట్టడం వాళ్ళ పని. వాళ్ళ మనవలు, మునిమనవలు ఇప్పటికీ మలేషియాలో ఉన్నారు, తెలుగు బడి నడుపుకుంటారు, ఉగాది చేసుకుంటారు. 1942లో జపాన్ వాళ్ళు మలయాని, సింగపూరుని పట్టుకున్నాక, సయాం నుంచి బర్మాకి రైలు మార్గం వెయ్యడానికి తోటల కూలీలని తోలుకెళ్ళారు. తమిళులు ఎక్కువ, వాళ్ళతో పాటు తెలుగువాళ్ళూ. వేలకి వేల మంది తిరిగి రాలేదు. కారు బీడింగ్ గురించి చెప్తూ ఇదెందుకు అంటారేమో. యుద్ధం తర్వాత కూడా బ్రిటన్ కి రబ్బరు ప్రధానంగా మలయా నుంచే వచ్చేది. ఆ దేశంలో ఆ కాలపు కారు రబ్బరు గురించి మాట్లాడుతూ ఆ తోటల మాట ఎత్తకపోతే కథ సగమే అవుతుంది.

మలయా జపాన్ చేతిలో పడగానే అమెరికా కంగారుపడి కృత్రిమ రబ్బరు ఫ్యాక్టరీలు వరసగా కట్టేసింది. అంతకుముందే, 1930లో, డ్యూపాంట్ కంపెనీలో నియోప్రీన్ పుట్టింది. అది నూనెకి, ఎండకి కాస్త తట్టుకుంటుంది. కాబట్టి 1961 నాటికి బీడింగ్ చేసేవాడి దగ్గర సహజ రబ్బరు ఉంది, యుద్ధకాలపు కృత్రిమ రబ్బరు ఉంది, నియోప్రీన్ ఉంది. ఇవాళ మన కార్లకి వాడే ఈపీడీఎం అనే రబ్బరు మాత్రం అప్పుడప్పుడే ఫ్యాక్టరీ గడప దాటుతోంది.

ఈ తేడా ఎందుకు ముఖ్యం? ఇక్కడ కొంచెం కెమిస్ట్రీ ఓర్చుకోండి. సహజ రబ్బరు అణువుల గొలుసులో జంట బంధాలు ఉంటాయి. గాలిలో కొద్దికొద్దిగా ఉండే ఓజోన్ వచ్చి సరిగ్గా ఆ జంట బంధాల దగ్గర తెంపుతుంది. తెంపినా, రబ్బరు వదులుగా ఉంటే పెద్దగా కనిపించదు. లాగి పట్టి ఉంచిన రబ్బరయితే, లాగిన దిక్కుకి అడ్డంగా చిన్న చిన్న పగుళ్ళు మొదలై లోతుకి పోతాయి. పాత కారు బీడింగ్ మూలల దగ్గరే ముందు ఎందుకు చిట్లుతుందో ఇప్పుడు అర్థమైంది కదా. మూల తిరిగేచోట అది సాగి ఉంటుంది. ఈపీడీఎం గొలుసు వెన్నెముకలో జంట బంధాలు లేవు, ఓజోన్ కి అక్కడ పని లేదు. ఎండలో ఏళ్ళు నిలుస్తుంది. పెట్రోలు, ఆయిలు తగిలితే మాత్రం ఉబ్బిపోతుంది.

అంటే కొత్త రబ్బరు పాతదానికన్నా మంచిది. మరి తలుపు ఎందుకు పడట్లేదు?

మంచిది అనే మాట దగ్గరే తిరకాసు. గట్టిదనం వేరు, మన్నిక వేరు. ఇప్పుడు మార్కెట్లో దొరికే కొన్ని బీడింగులు ఆకారంలో పాతవాటిలాగే ఉంటాయి, కానీ నొక్కితే నలగవు. రబ్బరు గట్టిదనాన్ని షోర్ అనే కొలతలో చెప్తారు, దానికో చిన్న పరికరం ఉంటుంది. దాకా ఎందుకు, బొటనవేలు చాలు. పాత స్పాంజి పట్టీని నొక్కితే వేలు దిగుతుంది, కొత్త గట్టి పట్టీని నొక్కితే వేలు నొప్పెడుతుంది. తలుపు చుట్టూ అంత పొడవునా ఆ గట్టిదనం కలిసి తలుపుని బయటికి తోస్తుంది. ఫ్యాక్టరీలో సీసం పూసినవాడి తేడాలన్నీ, ఇన్నేళ్ళూ మెత్తటి రబ్బరు దాచిపెట్టినవన్నీ, ఒక్కసారిగా బయటపడతాయి.

రెండో తిరకాసు ఇంకా తమాషాగా ఉంటుంది. పాత అచ్చు దొరకనప్పుడు కొత్త బీడింగ్ ఎలా చేస్తారు? ఏదో పాత కారు నుంచి ఊడదీసిన ముక్క చూసి. ఆ ముక్క నలభై ఏళ్ళు తలుపు కింద నలిగి చదునైపోయి ఉంటుంది. గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డులా అయిపోతుంది. దాన్ని కొలిచి అచ్చు పోస్తే, మనకి దొరికేది 1961 నాటి బీడింగ్ కాదు, ముసలిదైపోయిన బీడింగుకి కొత్త కాపీ. లోపల బోలుగా ఉండే పట్టీలకి గాలి పోవడానికి చిన్న చిల్లులు ఉంటాయి, ఎండిపోయిన ముక్కలో అవి పూడుకుపోయి ఉంటాయి. చిల్లు లేకుండా చేస్తే తలుపు వేసినప్పుడు లోపలి గాలికి దారుండదు, పట్టీ బెలూనులా ఎదురు తంతుంది.

ఇప్పుడు అసలు ప్రమాదానికి వస్తాను. తలుపు పడకపోతే మనుషులు ఏం చేస్తారు? బందులు వంచుతారు. లాకు జరుపుతారు. అదీ చాలకపోతే గ్రైండరు తీసుకుని రేకు అంచు కోసేస్తారు, తలుపు లోపలి రేకుని సుత్తితో వెనక్కి కొడతారు. యాభై అరవై ఏళ్ళ కిందట కోవెంట్రీలో ఒక మనిషి చేత్తో సరిచేసిన అంచు అది. రబ్బరు కొన్నేళ్ళకి మళ్ళీ మార్చుకోవచ్చు. కోసిన అంచు తిరిగి రాదు. రేపు ఎవరైనా సరైన మెత్తటి బీడింగ్ చేసి తెచ్చినా, అప్పుడు సందు ఎక్కువై నీళ్ళు లోపలికొస్తాయి. రబ్బరుకోసం ఇనుముని కొయ్యడం నా దృష్టిలో క్షమించరాని పని, ఎంత పేరున్న షెడ్డు చేసినా సరే.

మరి ఎలా చెయ్యాలి? పనితెలిసినవాళ్ళు వరస మార్చేస్తారు. రంగు ముందు, రబ్బరు తర్వాత కాదు. రబ్బరు ముందు. బాడీ ఇంకా పచ్చి రేకుగా, ప్రైమరు మీద ఉన్నప్పుడే, కొత్త బీడింగుని జిగురు లేకుండా మాస్కింగ్ టేపుతో అక్కడక్కడా నిలబెట్టి తలుపు వేసి చూస్తారు. సందుల్లో పిల్లలు ఆడుకునే బంకమట్టి ఉండలు పెట్టి తలుపు నెమ్మదిగా మూసి తెరిస్తే, మట్టి ఎక్కడ ఎంత మందంగా మిగిలిందో అదే అక్కడి ఖాళీ. బీడింగ్ మీద సుద్ద పూసి మూస్తే ఎక్కడ తగులుతోందో, ఎక్కడ తగలట్లేదో రేకు మీద అచ్చు పడుతుంది. ఇంత చేశాక కూడా పడకపోతే బీడింగ్ మారుస్తారు, ఇంకొకరు చేసిన మెత్తటిది తెస్తారు. బాడీని సర్దాల్సి వచ్చినా ఇంకా రంగు వెయ్యలేదు కాబట్టి నష్టం లేదు. రంగు వేసేశాక ఇదే పని మొదలెడితే ప్రతి తప్పూ లక్షల్లో ఉంటుంది.

అతికించేటప్పుడు ఒక్క సూత్రం, అదీ ఇందాకటి కెమిస్ట్రీ నుంచి వచ్చిందే. సాగదియ్యకూడదు. కొత్త రబ్బరు చేతిలో సాగుతుంటే చుట్టూ చక్కగా లాగి అతికించెయ్యాలని చెయ్యి ఉబలాటపడుతుంది. జిగురు పట్టాక అది మెల్లగా వెనక్కి కుదించుకుని మూలల దగ్గర లేచిపోతుంది, లేవకపోతే చిట్లుతుంది. అందుకే కాస్త పొడుగ్గానే కోసి, రెండు కొసలూ ఒకదానికొకటి ఒత్తుకునేలా కూర్చోబెడతారు. ఆ అతుకు తలుపు కింది భాగంలో రావాలి, పైన వస్తే వాన మొదట దాన్నే వెతుక్కుంటుంది. జిగురు రెండువైపులా పూసి, వేలికి అంటీ అంటనట్టు ఆరాక అతికించాలి.

ముందు అద్దం సంగతి వేరు. దాని రబ్బరుకి రెండు గాడులు, ఒకదాంట్లో గాజు, ఇంకోదాంట్లో బాడీ అంచు. చాలా పాత కార్లకి ఎలా చేస్తారంటే, గాజుకి రబ్బరు తొడిగి, బయటి గాడిలో సన్నటి తాడు చుట్టూ పెట్టి, సబ్బునీళ్ళు రాసి, ఒకరు బయటి నుంచి గాజుని అరచేతులతో నొక్కుతూ ఉంటే ఇంకొకరు కారులో కూర్చుని తాడు కొస మెల్లగా లాగుతారు. తాడు బయటికొస్తూ రబ్బరు పెదవిని అంచు మీదికి తిప్పేస్తుంది. ఇద్దరికీ లయ కుదరాలి. తొందరపడితే గాజు మూలలో టప్పుమంటుంది, అంతే సంగతులు. మన ఊళ్ళలో పాత అంబాసిడర్ కి గ్లాసు వేసినవాళ్ళని అడిగి చూడండి, ఇదే విద్య.

ఇంకొకటి చెప్పి ముగిస్తాను, ఇది చాలామంది పట్టించుకోరు. తలుపు గాజు కిందికి దిగే చోట సన్నటి రబ్బరు ఉంటుంది. అది నీటిని పూర్తిగా ఆపదు. కొన్ని నీళ్ళు తలుపు లోపలికి పోతాయని తయారుచేసినవాళ్ళకి తెలుసు, అందుకే తలుపు అడుగున చిల్లులు పెట్టారు, నీళ్ళు కారిపోడానికి. ఉత్సాహంలో ఆ చిల్లుల మీదుగా కూడా బీడింగో, లప్పమో, రంగో పూసేస్తే నీళ్ళు లోపలే నిలిచి, తలుపు కిందినుంచి తుప్పు తినేస్తుంది. పైకి మాత్రం కొత్త పెళ్ళికూతురులా మెరుస్తూ ఉంటుంది. పైపుతో నీళ్ళు కొట్టి పరీక్షించేటప్పుడు కూడా కింది నుంచి మొదలెట్టి మెల్లగా పైకి వెళ్ళాలి. ఒకేసారి పైనుంచి కొడితే ఎక్కడ కారుతోందో తెలీదు.

అన్నట్టు, జాగ్వార్ 2008 నుంచి మన టాటా వాళ్ళది. 2017లో ఆ కంపెనీయే పాత ఈ-టైప్ లు కొని, విప్పి, బాగుచేసి అమ్మే పథకం ఒకటి మొదలుపెట్టింది. అలాంటి పెద్ద చెయ్యి లేని మామూలు యజమానికి దారి ఏంటంటే, ఊడదీసిన పాత బీడింగుని పారెయ్యకుండా ఉంచుకోవడం. ముక్కలైనా సరే. అతుకు ఎక్కడుందో, చిల్లులు ఎక్కడున్నాయో, ఏ మూలలో ఎంత వంపుందో, నలగని చోట అసలు మందం ఎంతో దానిమీదే రాసి ఉంటుంది. కుడి తలుపు, ఎడమ తలుపు, డిక్కీ అని చీటీలు కట్టి, సంచిలో మూతికట్టి, ఎండ పడని చోట పెట్టండి. కంప్రెసర్, గ్రైండరు లాంటి మోటార్లు తిరిగే గదిలో మాత్రం వద్దు. ఆ మోటార్ల నిప్పురవ్వల దగ్గర కూడా ఓజోన్ పుడుతుంది.